సూదికి ముందు నెత్తుటి పరీక్ష



చోడవరం ప్రాంతంలో సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు ఒక సభ్యుని ఇంట సంకరజాతి ఆవు జ్వరంతో పడి ఉంది. ఎర్రమూత్రం జ్వరమని ఎవరో చెప్పగా ఆ మందే పొడిపించారు. నాలుగో నాడు ఆవు పోయింది. భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత వాచి ఉన్నదని, అది థైలేరియా లక్షణమని డాక్టరు గారు తర్వాత చెప్పారు. ఆవు పోయింది గాని బ్యాంకు వాయిదా పోలేదు.

థైలేరియా, బెబీసియా పిడుదుల వల్ల, సర్రా జోరీగల వల్ల వస్తాయి. మూడింటికీ కారణం రక్తంలో చేరే పరాన్నజీవులే. మూడింటిలోనూ జ్వరం వస్తుంది, పాలు తగ్గుతాయి. కాని మందులు వేరు. బెబీసియాకు, సర్రాకు పనిచేసే డైమినజీన్ థైలేరియాను తగ్గించదు. దానికి బూపర్వాకోన్ కావాలి.

రక్తపు పూతకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడడం తొలి పరీక్ష. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది కూడా సూక్ష్మదర్శినితోనే. ఇది చవక, త్వరగా తేలుతుంది. అయితే నయమైన పశువులో మిగిలే కొద్దిపాటి క్రిములు దీనికి చిక్కవు. వాటినే పిడుదులు పక్క పశువుకు చేరవేస్తాయి.

ఒక చుక్క తోడు కుండెడు పాలను పెరుగు చేసినట్లు, క్రిమి జన్యుపదార్థాన్ని పెంచి చూపేది పి.సి.ఆర్. పరీక్ష. 1983లో కేరీ మల్లిస్ దీనిని కనుగొన్నారు. 30 మార్లు రెట్టింపైతే ఒకటి నూరు కోట్లు దాటుతుంది. కాని ప్రతి మారూ 95 డిగ్రీల దాకా కాచి చల్లార్చాలి. అందుకు ఖరీదైన యంత్రం, నిలకడైన కరెంటు అవసరం.

2000లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిన 'లాంప్' పద్ధతి ఈ పనిని సులభం చేసింది. 60-65 డిగ్రీల ఒకే వేడిలో సుమారు గంటసేపు ఉంచితే చాలు. ద్రవం మసకబారడమో, రంగు మారడమో కంటికే కనిపిస్తుంది. థైలేరియాకు, సర్రాకు ఇటువంటి పరీక్షలు తయారయ్యాయి. ఊరి పశువైద్యశాలల్లో మాత్రం ఇంకా రోజువారీ వాడుకలోకి రాలేదు. ఒక చిక్కు కూడా ఉంది. పరీక్ష అయిన గొట్టం మూత తెరిస్తే దాని తుంపర తర్వాతి నమూనాలో పడి లేని రోగాన్ని చూపగలదు. కడగని సీసాతో వెన్న శాతం చూస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

పరీక్ష ఎంత సులభమైనా నమూనా సరిగా లేకుంటే ఫలితం సున్న. కనుక సభ్యులు గమనించవలసినవి:

1. జ్వరం ఉండగానే, మందు వేయకముందే డాక్టరు గారిచేత రక్తం తీయించండి. సంచార పశువైద్య వాహనానికి ఫోను 1962. ప్రాణాపాయమైతే రక్తం తీసిన వెంటనే వారు చికిత్స మొదలుపెడతారు. ఫలితం కోసం ఆవును ఆపనక్కరలేదు.

2. గాజుపలకపై చెవి రక్తపు పూత, గడ్డకట్టని మందున్న గొట్టంలో కొంత రక్తం, రెండూ పంపించండి. పశువు చెవిపోగు సంఖ్య, తేదీ రాయాలి. గొట్టాన్ని మంచుపెట్టెలో ఉంచాలి, రక్తం మాత్రం మంచులా గడ్డకట్టరాదు.

3. పిడుదులను ఏరించి, పాక గోడల పగుళ్లు పూడ్పించండి. అవి దాగేది అక్కడే.

పాలు పోసేటప్పుడు కొలత చూడకుండా, శాతం తెలియకుండా డబ్బు పుచ్చుకోము. ఆవుకు సూది వేయించేటప్పుడూ అదే పట్టుదల ఉండాలి.