పైపుకు అతుకు, మురుక్కి వాటం

మా వంటింటి సింకు పక్కన టైల్స్ మధ్య గీత ఒకటి నల్లబడింది. మరకేలే అనుకున్నాం. నెల తిరిగేసరికి గోడకు అవతలి గదిలో సున్నం పొక్కింది. టైల్స్ పగలగొట్టి చూస్తే పైపు నిక్షేపంగా ఉంది. మలుపు దగ్గరి ఎల్బోలోకి మాత్రం సగమే దిగింది. అతికించే సొల్యూషన్ పూశారు గానీ లోపలిదాకా నెట్టలేదు. ఆ ఎల్బో ఖరీదు రెండు కప్పుల టీ డబ్బులు. దాన్ని మార్చడానికి అయిన ఖర్చు మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంటుంది. ఈ పని నేను నేర్చుకున్నది ఆ తర్వాతే. ప్లాస్టిక్ పైపు పని కష్టమైందేమీ కాదు, తొందరపడితేనే చెడుతుంది.

కొట్టుకు వెళ్లేముందు

“పీవీసీ పైపు ఇవ్వండి” అని అడిగితే కొట్టువాడు ఏదో ఒకటి ఇస్తాడు. మీకు కావలసినవి మూడు రకాలు. ఇంట్లో కుళాయిలకు, గీజరుకు వెళ్లే లైను మీగడ రంగు సీపీవీసీతో వేయాలి. అది 93 డిగ్రీల వేడిదాకా తట్టుకుంటుంది. దాని మీద ఐఎస్ 15778 అని అచ్చు ఉండాలి. బోరు నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి కిందికి చన్నీళ్ల లైనుకు యూపీవీసీ చాలు. దాన్ని వేడినీళ్లకు మాత్రం వాడకూడదు, మెత్తబడి వంగిపోతుంది. మురుగుకు ఎస్‌డబ్ల్యూఆర్ పైపు తీసుకోవాలి, దాని నంబరు ఐఎస్ 13592. ఇందులో ‘ఎ’, ‘బి’ అని రెండు తరగతులున్నాయి. ‘ఎ’ రకం పల్చనిది, వాన నీటికీ గాలి గొట్టానికీ పనికొస్తుంది. లెట్రిన్, బాత్రూం లైనుకు ‘బి’ రకమే అడిగి తీసుకోండి. అడక్కపోతే చౌకగా వస్తుందని ‘ఎ’ చేతిలో పెట్టేవాళ్లున్నారు.

యూపీవీసీ కొనేటప్పుడు “నాలుగు కేజీలదా, ఆరు కేజీలదా” అని అడుగుతారు. అది పైపు బరువు కాదు, అది తట్టుకునే ఒత్తిడి. పది మీటర్ల ఎత్తు నీళ్లు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ఒత్తిడి ఇస్తాయి. ట్యాంకు నుంచి దిగే లైనుకు ఆరు కేజీలది ధారాళంగా సరిపోతుంది.

కొత్తవాళ్లు బోల్తా పడే చోటు మరొకటుంది. ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు బయటి కొలత 22.2 మిల్లీమీటర్లు. కొట్లో షెడ్యూలు పైపు అనే యూపీవీసీలో ముప్పావు అంగుళందైతే 26.7. పేరు ఒకటే అయినా ఒకదాని ఎల్బో రెండోదానికి పట్టదు. వాటి సొల్యూషన్లూ వేరే. డబ్బా మీద ఏ పైపుకో చదివి కొనండి.

కాగితం మీద గీసుకోండి

ట్యాంకు ఎక్కడుంది, కుళాయిలు ఎక్కడ, మలుపులెన్ని అన్నది గీసి లెక్క వేయండి. డాబా మీది ట్యాంకుకూ ఆ కింద గదిలోని షవరుకూ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు. అంటే ఒత్తిడి పావు కేజీ చుట్టుపక్కలే. అందుకే ట్యాంకు నుంచి దిగే పైపు అంగుళంపావు ఉంచి, బాత్రూంలో ముప్పావుకు తగ్గించి, కుళాయి దగ్గర అర అంగుళం చేస్తారు. మలుపులు తగ్గితే ధార పెరుగుతుంది. ప్రతి బాత్రూంకూ చేతికందే చోట ఒక బాల్ వాల్వు పెట్టండి. ఒక కుళాయి చెడితే ఇల్లంతా నీళ్లు ఆపాల్సిన పని ఉండదు.

అతుకు వేయడం

సొల్యూషన్ అంటే గమ్ము కాదు. అది ప్లాస్టిక్‌ను పైపైన కరిగిస్తుంది. కరిగిన రెండు పొరలూ కలిసి ఒకటైపోతాయి. కాబట్టి ఒకసారి అతికాక ఊడదీసి సరిచేయడమంటూ ఉండదు, కోసేసి కొత్తది వేయాల్సిందే.

హాక్సా బ్లేడుతో నిటారుగా కోయండి. చుట్టూ ఒక కాగితం చుట్టి దాని అంచు వెంట పెన్సిలుతో గీస్తే కోత వంకర పోదు. కోసిన అంచున పొట్టు వేలాడుతుంటుంది. లోపలా బయటా చాకుతో గీకి, బయటి అంచును ఆకురాయితో కాస్త ఏటవాలు చేయండి. పొట్టు వదిలేస్తే అది పూసిన సొల్యూషన్‌ను లోపలికి తోసుకుపోతుంది, తర్వాత కొట్టుకొచ్చి కుళాయి జాలీలో ఇరుక్కుంటుంది. పొడిగుడ్డతో తుడవండి. తడి ఉంటే అతుకు పట్టదు.

ఇప్పుడు సొల్యూషన్ లేకుండా ఒకసారి పెట్టి చూడండి. ఊరికే పూర్తిగా దిగిపోకూడదు. మూడో వంతుకో సగానికో దిగి బిగుసుకోవాలి. ఎల్బో లోతు కొలిచి అంత దూరంలో పైపు మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. మా ఇంట్లో ఆ గీత ఒక్కటి ఉంటే టైల్స్ పగిలేవి కావు. మలుపు ఏ వైపు తిరగాలో కూడా గుర్తు పెట్టుకోండి.

తర్వాత పైపు మీద చుట్టూ, ఎల్బో లోపల పల్చగా సొల్యూషన్ రాయండి. ఎల్బో లోపల ఎక్కువైతే అది అడుగున మడుగు కట్టి పైపును మెత్తబరుస్తుంది. వెంటనే పైపును లోపలికి నెడుతూ పావు మలుపు తిప్పి, గీత దాకా దించి, ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా గట్టిగా పట్టుకోండి. చెయ్యి వదిలితే అది తనంతట తనే కాస్త వెనక్కి జరుగుతుంది. అతుకు చుట్టూ సన్నని గట్టులా సొల్యూషన్ బయటికి కనిపిస్తే సరిగ్గా వేసినట్టే. ఎక్కడైనా గట్టు తెగితే అక్కడ పూత చాల్లేదన్నమాట.

సొల్యూషన్‌కు మంట అంటుకుంటుంది, ఘాటూ ఎక్కువ. తలుపులు తీసి పెట్టండి, దగ్గర్లో బీడీ, సిగరెట్టు వద్దు. జెల్లీలా గట్టిపడ్డ డబ్బాలో థిన్నరు కలిపి లాగించే వాళ్లుంటారు. అది మీ ఇంట్లో జరగనివ్వకండి.

కుళాయి దగ్గర

మరలు ఉన్నచోట సొల్యూషన్ రాయకూడదు. లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బో వేసి, కుళాయి మర మీద టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే నాలుగైదు చుట్లు చుట్టి బిగించండి. వట్టి ప్లాస్టిక్ మరకు స్పానరు బలమంతా పెడితే అది చిట్లుతుంది. గీజరుకూ గోడకూ మధ్య స్టీలు అల్లిక గొట్టం వేయండి.

మురుగు లైను

ఇక్కడ ఒత్తిడి ఉండదు, పనంతా వాటానిదే. నాలుగంగుళాల పైపుకు అడుక్కి పావు అంగుళం చొప్పున, అంటే పది అడుగులకు రెండున్నర అంగుళాలు దిగాలి. కంటిలెక్క వద్దు, దారం లాగి, రసమట్టం పెట్టి చూడండి. మరీ ఎక్కువ వాటం ఇచ్చినా ప్రమాదమే. నీళ్లు పరుగెత్తిపోయి గట్టి పదార్థం వెనక మిగిలిపోతుందని పాత మేస్త్రులు చెప్పేది ఊరికే కాదు.

పైపుకున్న వెడల్పాటి మూతి నీళ్లు వచ్చే వైపు చూడాలి. రబ్బరు రింగు రకమైతే రింగుకు సబ్బు నీళ్లు రాసి, పైపును అడుగంటా నెట్టి, ఒక సెంటీమీటరు వెనక్కి లాగండి. ఎండకు పైపు సాగడానికి ఆ జాగా కావాలి. నిలువు పైపు కింద నేలలోకి తిరిగే చోట ఒక్క లంబకోణపు ఎల్బో వేస్తే అడ్డుపడుతుంది, 45 డిగ్రీల బెండ్లు రెండు వేయండి. మలుపుల దగ్గర మూత ఉన్న డోర్ బెండ్ పెడితే రేపు పుల్ల పెట్టి పొడవడానికి దారి ఉంటుంది.

బాత్రూం జాలీ కింది నహానీ ట్రాపులో రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. కంపును ఆపేది ఆ నీళ్లే. ఊరెళ్లి నెల తర్వాత వచ్చినప్పుడు బాత్రూం వాసన కొడితే ఫినాయిల్ కోసం వెతక్కండి, ట్రాపు ఎండిపోయి ఉంటుంది, ఒక చెంబుడు నీళ్లు పోయండి.

గోడ పూడ్చేముందు

అతుకులు వేశాక ఒక రాత్రి ఆగండి. కుళాయిల చోట డమ్మీ బిరడాలు బిగించి, లైనులో గాలి పోయేలా మెల్లగా నీళ్లు నింపి, పూర్తిగా ఒక రోజు ఉంచండి. ప్రెషర్ పంపు అద్దెకు దొరికితే ఇంకా మంచిది. గాలి కంప్రెసరుతో మాత్రం పరీక్షించకూడదు. గాలి ఒత్తిడికి ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు తూటాల్లా లేస్తాయి. తర్వాత ప్రతి అతుకూ పొడి చేత్తో తడమండి. మురుగు పైపుకైతే కింది మూతి మూసి నీళ్లు నిలబెట్టి చూడండి. మేస్త్రి వచ్చి “ఇవాళే పూసేస్తా” అన్నా సరే, ఈ ఒక్క రోజూ మొహమాటపడకండి.

పైపు గాడి పూడ్చేలోపు గోడ పక్కన కొలత టేపు ఆనించి ఫోటోలు తీసుకోండి. అద్దం బిగించడానికి వచ్చిన కుర్రాడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో ఆ ఫోటోలే చెబుతాయి. డాబా మీద ఎండలో ఉండే పైపులకు లేత రంగు ఎమల్షన్ పూయండి, లేదంటే కొన్నేళ్లకు పెళుసెక్కుతాయి. ఆయిలు పెయింటు వద్దు.

పని అయ్యాక మిగిలిన పైపు ముక్కలూ, రెండు సాకెట్లూ, ఒక ఎల్బో అటక మీద దాచండి, పనికొస్తాయి. సొల్యూషన్ డబ్బా దాచకండి. ఏడాది తర్వాత తీస్తే అది రాయైపోయి ఉంటుంది.