పొలం అమ్మిన సొమ్ము ఆదాయమేనా?

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర పొలం అమ్మిన ఖాతాదారు, ఆ సొమ్ముకు పన్ను లేదని రిటర్నులో చూపి వ్యాపార రుణం అడుగుతున్నారు. ఏం పరిశీలించాలి?
– బ్యాంకు అధికారి, షాద్‌నగర్

జవాబు: ఆదాయపు పన్ను చట్టం ప్రకారం గ్రామీణ సాగుభూమి మూలధన ఆస్తి, అంటే అమ్మకపు లాభంపై పన్ను పడే ఆస్తి, కాదు, అయితే 10 వేలు దాటి లక్ష మించని జనాభా గల పురపాలక సంఘం హద్దుల్లో గానీ, ఆ హద్దు నుంచి గగనమార్గంలో 2 కిలోమీటర్ల లోపు గానీ ఉన్న భూమికి ఈ వెసులుబాటు వర్తించదు. జనాభా లక్ష దాటితే ఆ దూరం 6, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు కనుక, పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటే చాలదు. భూమి దూరాన్నీ, సాగు ఆధారాలనూ చూడాలి.

అసలు మెలిక పన్నులో కంటే రుణ అంచనాలోనే ఉంది. పన్ను పడినా పడకున్నా ఆ సొమ్ము ఒక్కసారి వచ్చేదే కాబట్టి, దాన్ని పక్కన పెట్టి, వ్యాపార లాభానికి తరుగుదలను, అంటే ఆస్తుల అరుగుదల కింద పద్దులో రాసే నగదేతర ఖర్చును, తిరిగి కలిపి వాయిదాలు కట్టే శక్తిని లెక్కించాలి. సొమ్ము బ్యాంకులో ఉందంటూ ఖాతాదారు చూపే నిల్వ పత్రాన్ని నమ్మడమూ తగదు: సత్యం కంప్యూటర్స్‌లో లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలని 2009 జనవరి 7న ఆ సంస్థ అప్పటి ఛైర్మన్ రామలింగరాజు లేఖే ఒప్పుకుంది. నిల్వ ధ్రువీకరణను సంబంధిత బ్యాంకు నుంచే నేరుగా తెప్పించుకోవాలి.