ప్రశ్నలు – జవాబులు: లూథరన్ బడిలో మూడవ తరగతి

ప్రశ్న: అయ్యా, మాది హైదరాబాదుల గౌలిపురా. మా వారికి గుంటూరు బదిలీ అయింది. అక్కడ మేం దిగబోయే ఇంటి పక్కనే లూథరన్ మిషన్ బడి ఉందట. మా పిలగాడు రెండో తరగతి పూర్తి చేసిండు, మూడోదాంట్ల చేర్చాలె. మా అత్తమ్మేమో, "ఆ బడికి పంపితే వాడు రేపు బోనాలకు కూడా రాడు" అని ఒకటే బెంగ. అసలక్కడ మూడో తరగతిల ఏం నేర్పుతరు?
— ఒక తల్లి, గౌలిపురా

జవాబు: అమ్మా, మీ లేఖలో రెండు ప్రశ్నలున్నవి; ఒకటి మీది, మరియొకటి మీ అత్తగారిది. పెద్దల ప్రశ్నకు అగ్రస్థానమీయవలసినదే యైనను, బడిలో బిడ్డ గడపు కాలమున అధికభాగము మీరడిగిన చదువుతోనే గడచును గావున ముందుగా దానినే చెప్పెదను.

ప్రభుత్వ గుర్తింపు గల పాఠశాలను ఏ సంఘము నడపినను, అందలి మూడవ తరగతి చదువు విద్యాధికారులు నిర్ణయించిన ప్రణాళికకు లోబడినదే. పుస్తకముల అట్టలు మారునేమో గాని, తెలుగు, ఇంగ్లీషు, గణితము, పరిసరాల విజ్ఞానము అను నాలుగును గౌలిపురాలో నున్నను గుంటూరులో నున్నను బిడ్డ సంచిలో నుండక తప్పవు. లెక్కలలో మీవాడు మూడంకెల సంఖ్యలకు వచ్చును. చేతిలో ఒకటి వేసికొని కూడుటయు, పక్కయింటి అంకెనుండి అప్పు తెచ్చి తీసివేయుటయు చేతికి అలవడును. ఎక్కములు నోటికి వచ్చును. పదిమందికి పండ్లు పంచు లెక్కలతో భాగహారము మొదలగును. గడియారము చూచి పావుతక్కువ ఎనిమిది యని చెప్పగలుగును. ఇందు లూథరన్ విశేషమేమియు లేదు.

అయినను మూడవ తరగతికి ఒక ప్రత్యేకత గలదు. మొదటి రెండు తరగతులలో బిడ్డ చదువుట నేర్చును. మూడవ తరగతినుండి, చదివి నేర్చుకొనవలసి వచ్చును. నీరు ఆవిరియగుననియు, ఉత్తరము ఒక ఊరినుండి మరియొక ఊరికి ఇట్లు పోవుననియు ఉపాధ్యాయుడు నోట చెప్పుటతో సరిపుచ్చక పుస్తకము చేతికిచ్చి చదువుకొమ్మనును. అక్షరములు కూడబలుకుకొను పిల్లవాడు అచ్చటనే, ఏ అల్లరియు లేకుండ, వెనుకబడిపోవును. కేంద్రప్రభుత్వము 2021లో ఆరంభించిన 'నిపుణ్ భారత్' కార్యక్రమము, 2026–27 నాటికి ప్రతి బిడ్డయు మూడవ తరగతి ముగియునప్పటికి అర్థము తెలిసి చదువగలిగి, సామాన్యమైన లెక్కలు చేయగలుగవలెనని లక్ష్యము పెట్టుకొన్నది ఈ కారణముచేతనే. కావున ప్రయాణమునకు ముందే మీవానిచేత ఏదేని ఒక పేరా బిగ్గరగా చదివింపుడు, పిదప పుస్తకము మూసి, "ఇందులో ఏమున్నది నాన్నా?" యని యడుగుడు. తన మాటలలో చెప్పెనా, నిశ్చింతగా నుండుడు. గడగడ చదివి బిక్కమొగము వేసెనా, ఏ బడిలో చేర్చినను మీకు ఇంటిలో పని గలదు.

ఇక లూథరన్ బడి యనునదేమి? జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అను లూథరన్ బోధకుడు 1842 జూలై 31న గుంటూరు చేరి, నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అండతో మతబోధకును బడులకును ఏకకాలమున శ్రీకారము చుట్టెను. ఆ నగరముననే 1885లో వెలసిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలయు, 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమును ఆ పరంపరలోనివే. కళాశాలకన్న నాకు ఘనముగా తోచునది గుంటూరు, గోదావరి ప్రాంతముల పల్లెలలో ఒక్క ఉపాధ్యాయునితో నడచిన చిన్న బడులు. ఊరిబడి గడప తొక్కనీయని దళితవాడల బిడ్డలకు పలక పట్టించిన మొదటి తావు, అనేక గ్రామములలో, ఆ పూరిపాకయే. అందు మూడు తరగతులు చదివినవాడు ప్రామిసరీ నోటులో ఏమి వ్రాసియున్నదో చదివి గాని వ్రేలిముద్ర వేయనివాడయ్యెను; ఆ రోజులలో అది స్వల్పవిషయము కాదు.

మతపాఠము సంగతి. అట్టి బడులలో సాధారణముగా ఉదయము ప్రార్థన, ఒక కీర్తన యుండును; మూడవ తరగతి వయసు పిల్లలకు నోవహు ఓడ, యోసేపు అన్నలు, దావీదు గొల్యాతుల పోరు, మంచి సమరయుని కథ చెప్పి, చిన్న వాక్యములు కంఠస్థము చేయింతురు. క్రైస్తవ కుటుంబముల పిల్లలకు పది యాజ్ఞలును, పరలోకప్రార్థనయు నేర్పుదురు. ఇందులకు మూలము మార్టిన్ లూథర్ 1529లో వెలువరించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథము. సాక్సనీ గ్రామములు తిరిగి, జనులకే గాక బోధకులకు సైతము ప్రాథమిక విషయములు తెలియకుండుట కన్నులార చూచి నొచ్చుకొని, గృహయజమాని తన యింటివారికి నేర్పుటకు వీలుగా ఆయన దానిని వ్రాసెను. ఒక్కొక్క యాజ్ఞ చెప్పి, వెంటనే దాని యర్థమేమని యడిగి, జవాబు చెప్పుట దాని పద్ధతి. ప్రశ్నలు జవాబులు వ్రాసి బ్రతుకు నావంటివాడు ఆ పద్ధతిని తప్పు పట్టజాలడు. అంతకు ఐదేండ్లు ముందు, 1524లో, జర్మను నగరముల పాలకులకు ఆయన వ్రాసిన లేఖలో మగపిల్లలకే గాక ఆడపిల్లలకును బడులు పెట్టుడని కోరియుండెను.

ఇప్పుడు మీ అత్తగారికి ఈ మాట వినిపింపుడు. మన రాజ్యాంగము 28వ అధికరణము మూడవ ఖండము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపు గాని ప్రభుత్వ ధనసహాయము గాని పొందిన విద్యాసంస్థలో చదువు బాలుని, సంరక్షకుల సమ్మతి లేనిదే మతబోధలోను ఆరాధనలోను పాల్గొనుమని నిర్బంధింపరాదు. చేర్చుకొను దరఖాస్తులో అట్టి సమ్మతివాక్య మేదైన నున్నదేమో చూచి గాని సంతకము చేయకుడు. మీకు సమ్మతి లేనిచో ఆ సంగతి వ్రాతమూలకముగా ప్రధానోపాధ్యాయునికి మర్యాదగా తెలుపుడు. నా మట్టుకు నాకు, సమరయుని కథ విన్నందువలన ఏ బిడ్డయు చెడిపోడు. అయినను నిర్ణయము మీది. ఇక లాల్ దర్వాజ సింహవాహిని అమ్మవారి బోనాలు జరుగునది ఆషాఢమున ఆదివారమునాడు. ఆదివారమునాడు ఏ మిషన్ బడి తెరువబడును తల్లీ? శనివారము రాత్రి గుంటూరులో రైలెక్కినచో మనుమడు తెల్లవారేసరికి నాయనమ్మ యొడిలో నుండును.

ప్రశ్న: మేము సి.ఎస్.ఐ. సంఘం వాళ్లం. మా మనుమరాలు రాజమహేంద్రవరంల లూథరన్ బడిల మూడో తరగతి. సెలవులకు వచ్చి, తల్లిదండ్రులను సన్మానించుమనేది నాలుగో ఆజ్ఞ అంటది. నేను చిన్నప్పటినుంచి ఐదోదని నేర్చుకున్న. బడిల తప్పు చెప్తున్నరా?
— ఒక తాత, శాలిబండ

జవాబు: అయ్యా, మీరును మనుమరాలును ఇరువురును ఒప్పే. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములో ఆజ్ఞలు గలవు గాని వానికి వరుస సంఖ్యలు లేవు. విగ్రహములు చేసికొనరాదను మాటను లూథరన్లును రోమన్ కాథలిక్కులును మొదటి యాజ్ఞలోనే చేర్చి, పరుల సొత్తును ఆశింపరాదను చివరి మాటను రెండుగా విభజించి పది చేయుదురు. మీ సంఘమువారును బాప్టిస్టులును విగ్రహనిషేధమును విడిగా రెండవ యాజ్ఞగా లెక్కించి, ఆశను చివర నొక్కటిగా నుంచుదురు. అందుచేత నడుమనున్నవన్నియు ఒక్కొక్క అంకె అటునిటు జరుగును. పరీక్షలో బడివారి అంకెయే వ్రాయుమనుడు. ఇంటిలో అంకె యడుగుట మాని అర్థ మడుగుడు. పొరుగువానిపై అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞకు — మీకు తొమ్మిదవది, ఆమెకు ఎనిమిదవది — లూథర్ చెప్పిన వివరణలో, చాడీలు మానుటతో సరిపోదు, పొరుగువానిగూర్చి మంచి మాట చెప్పవలెననియు నున్నది. తాతయు మనుమరాలును కలిసి చదువుకొనదగినది.

ప్రశ్న: మా బాబు హుసేనీ ఆలంల ఉర్దూ మీడియంల రెండో తరగతి దాకా చదివిండు. ఇంట్ల తెలుగు మాట్లాడుతడు గాని చదవలేడు. ఆంధ్రకు పోయి తెలుగు బడిల మూడో తరగతికి నిలబడతడా?
— ఒక తండ్రి

జవాబు: నిలబడును. మాట వచ్చిన భాషకు లిపి నేర్చుట కష్టము కాదు. ఉర్దూలో హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణముగా వ్రాయరు, చదువరి ఊహించుకొనవలెను. తెలుగులో గుణింతము కంటి కెదుటనే యుండును గనుక ఊహతో పని లేదు. ఎడమనుండి కుడికి వ్రాయుట త్వరలోనే యలవడును. చిక్కంతయు ఒత్తులలోనే. 'అమ్మ', 'అక్క' వంటి ద్విత్వములు ముందు, 'పద్యము', 'చక్రము' వంటివి పిదప, వేసవి సెలవులలో రోజు కొకింత దిద్దింపుడు. ఉర్దూను మాత్రము మాన్పింపకుడు.

ప్రశ్న: అమెరికాల మా చెల్లె కొడుకు లూథరన్ స్కూల్ల మూడో గ్రేడు. అక్కడా ఇదేనా?
— లాల్ దర్వాజ

జవాబు: ఎక్కములు, గొలుసుకట్టు వ్రాత, కథలు చదువుట అక్కడను గలవు. అయితే 1847లో ఏర్పడిన మిస్సోరి సినడ్ వంటి సంఘముల బడులలో మతపాఠమును ఆరాధనయు బడి చదువులోని భాగములే. మన రాజ్యాంగపు రక్షణ అక్కడికి రాదు. చేర్చుటకు ముందే బడి నియమములు చదువుకొనుమని చెల్లెలికి చెప్పుడు.

పాఠకులకు మనవి: బడుల విషయమై వ్రాయువారు బిడ్డ తరగతిని, బోధనామాధ్యమమును, బడి ఏ రాష్ట్రములో నున్నదియు తప్పక తెలుపగోరెదము.