చప్పట్లు ఆగిన తర్వాత



మన గోదావరి పల్లెలలో విచారణ పండుగ వచ్చిందంటే యువకులు కబడ్డీ, వాలీబాల్ పోటీలకు సిద్ధమవుతారు. కాలేజీ జట్టులో ఆడే బిడ్డ ఉన్న ఇంట్లో కప్పులు షోకేసు నిండా మెరుస్తుంటాయి. మంచిదే. అయితే ఆట ముగిసిన తర్వాత ఆ బిడ్డ విలువ ఏమవుతుంది? ఈ వారం ఒక మేటి ఫుట్‌బాల్ ఆటగాని జీవితాన్ని ముందుంచుకొని ఈ ప్రశ్నను ధ్యానిద్దాం.

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. హైదరాబాదు శిక్షకులు ఎస్.ఎ. రహీం ఆయన ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో ఆయన ఉన్నారు. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగేరీపై, పెరూపై గోల్స్ చేశారు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా 23 గోల్స్‌తో కలకత్తా లీగ్‌లో అందరినీ మించారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోనూ ఆయన ఉన్నారు. అదే ఏడాది అర్జున అవార్డు లభించింది.

మరుసటి సంవత్సరమే ప్లూరసీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపివేసింది. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తర్వాత శిక్షకునిగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా జీవించారు. తోటి ఆటగాళ్ళు పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలకు పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. ఆ బాధ ఆయనలో చివరిదాకా ఉండిపోయింది. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

పునీత పౌలుగారు ఆటను చులకన చేయలేదు. కొరింతు పట్టణం దగ్గర జరిగే క్రీడలలో గెలిచినవారికి ఆకుల కిరీటం పెట్టేవారు. వాడిపోయే కిరీటం కోసమే అంత క్రమశిక్షణ పాటిస్తే, వాడిపోని దానికోసం మనం ఎంత పాటుపడాలని ఆయన బోధించారు. పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు బాల్యంలో గోల్‌కీపర్. కొండలెక్కిన ఆ శరీరం వృద్ధాప్యంలో పార్కిన్సన్స్ జబ్బుతో వణికింది. ఆయన దానిని దాచుకోలేదు, సిగ్గుపడలేదు. దేవుడు మనిషిని ప్రేమించేది అతని బలాన్ని చూచి కాదని 2005లో మరణించేవరకు లోకానికి చూపించారు.

తల్లిదండ్రులారా, బిడ్డ ఓడి వచ్చిన రోజున కూడా గెలిచిననాటిలాగే అన్నం వడ్డించండి. ఆటతోపాటు చదువునూ, ఒక వృత్తినీ నేర్పించండి. మోకాలు దెబ్బతిని ఇంట్లో కూర్చున్నవాణ్ణి "ఇక నీ పని అయిపోయింది" అని ఎవరూ అనకుండా చూడండి. ఆ మాట జబ్బుకన్నా లోతుగా గాయపరుస్తుంది.

కుటుంబ జపమాల తర్వాత మాట్లాడుకోండి:

1. మన పిల్లలను మనం మెచ్చుకొనేది వారి మార్కులకా, కప్పులకా, లేక వారికేనా?

2. ఒకప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టి, ఇప్పుడు ఒంటరిగా ఉన్నవారు మన విచారణలో ఎవరు?

ఈ ఆదివారం పూజ అయిన తర్వాత, పిల్లలను వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్ళండి. వారి ఆట కబుర్లు చెప్పమనండి, ఓపికగా వినండి.