పిల్లల నడకకు తగిన ప్రయాణము

పాఠభాగము: ఆదికాండము 33:12–14

ఏశావు తన తమ్మునితో కలిసి ప్రయాణము చేయగోరెను. అతని వెంట నాలుగువందల మంది మనుష్యులుండిరి. యాకోబు వెంటనో పసిపిల్లలును పాలిచ్చు పశువులును ఉండెను. ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చునని యెరిగి, యాకోబు అన్నను ముందు సాగుమని వేడుకొని, తాను పిల్లల నడకకొలది మెల్లగా వచ్చెదననెను. అతడు ప్రయాణము మానెదననలేదు. నడక మార్చుకొనుటకే సెలవడిగెను.

మన యిండ్లలోను పసివారు, మంచము పట్టిన వృద్ధులు గలరు. వారిని చూచుకొనువారే కూలికిని పోవలయును. తెల్లవారగనే రానిచో ఆ దినము పనిలేదన్నయెడల, ఆ స్త్రీ కూలినైన పోగొట్టుకొనవలెను, రోగినైన విడువవలెను. కొంత ఆలస్యముగా వచ్చి ఆ మేరకు సాయంకాలము పనిచేయనిచ్చినచో ఇల్లును నిలుచును, పనియు జరుగును.

చట్టములును దీనిని క్రమముగా గుర్తించినవి. మన దేశములో 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము 2017లో సవరింపబడగా, మొదటి యిద్దరు బిడ్డలకు వేతనముతో కూడిన సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగెను. పని స్వభావమును బట్టి, సెలవు ముగిసినపిమ్మట యజమాని సమ్మతితో ఇంటనుండి పనిచేయుటకును వీలు కలిగెను. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురైనను అంతకు మించినను ఉన్నప్పుడు, కూలి స్త్రీలలో ఒకరిని వారిని చూచుటకు నియమించి కూలి ఇయ్యవలెనని విధించెను. బిడ్డలను కనిపెట్టుటయు పనియేనని ఇందువలన తేలినది.

బ్రిటనులో పనివేళల మార్పు కోరు హక్కు 2003లో చిన్నపిల్లల తలిదండ్రులకును, 2007లో పెద్దవారిని సంరక్షించువారికిని, 2014లో ఇతర ఉద్యోగులకును కలిగెను. అయితే అది కోరు హక్కేగాని, తప్పక పొందు హక్కు కాదు. తగిన కారణము చూపి యజమాని నిరాకరింపవచ్చును.

ముసలి తండ్రిని చూచు కుమారుని గూర్చి మన ప్రసూతి చట్టము పలుకలేదు. చట్టము చేరని చోట మన నడవడి చేరవలెను. పొలముగలవారు, బడులు నడుపువారు పనివారి యింటి స్థితిని ముందుగా విచారింపవలెను. సెలవు కోరువారు ముందుగా తెలిపి, ఒప్పుకొన్న వేళ తప్పకుండవలెను. మిగిలిన పని ఎల్లప్పుడు ఒక్కరిమీదనే పడకుండ అందరు పంచుకొనవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. మన గ్రామములో రోగిని చూచుకొనుచు కూలి పోగొట్టుకొనుచున్నవారెవరు?
2. వారి నిమిత్తము మనము ఏ పనివేళను మార్చగలము?