ముసర వ్యాధి ఎలా పోయింది?



ముసర వ్యాధి అంటే నేటి యువ రైతులకు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు. పశువుకు ముందు తీవ్రమైన జ్వరం, కంటా ముక్కునా కారే నీరు, నోట్లో పుళ్ళు, ఆపైన దుర్వాసనతో రక్తం కలిసిన పారుడు. వారం పది రోజుల్లో ప్రాణం పోయేది. కొట్టంలో ఒకదానికి తగిలితే మిగిలినవాటి మీద ఆశ వదులుకోవలసిందే. ఆ వ్యాధి ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేదని 2011లో ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత పూర్తిగా నిర్మూలమైన వ్యాధి ఇదొక్కటే.

టీకా చలవ అంటాం. అది సగం మాటే. మిగతా సగం కబురు చలవ.

1920లో మన దేశం నుంచి బ్రెజిల్‌కు ఓడలో పంపిన పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో దిగాయి. వాటితోపాటు ముసర వ్యాధీ దిగింది. అక్కడివాళ్ళు హడలిపోయారు. ఆ భయంతోనే 1924లో 28 దేశాలు పారిస్‌లో ఒక సంస్థ పెట్టుకున్నాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. ఎవరి దేశంలో జబ్బు కనిపించినా మిగతావారికి వెంటనే తెలపాలన్నది దాని మూల ఒప్పందం.

మన దేశంలో ముక్తేశ్వర్ ప్రయోగశాల 1920ల్లోనే మేకల సాయంతో టీకా తయారు చేసింది. 1954 నుంచి దేశమంతటా టీకాలు వేశారు. జబ్బు బాగా తగ్గింది గాని వదల్లేదు. ఇక్కడొక చిక్కు ఉంది. టీకా వేసిన పశువు రక్తాన్ని పరీక్షిస్తే, జబ్బు వచ్చి కోలుకున్న పశువు రక్తంలాగే కనిపిస్తుంది. అందరికీ టీకా వేస్తూ పోతే జబ్బు ఇంకా ఏ మూల దాగి ఉందో తెలిసేది ఎలా? అందుకని చివరికి టీకా ఆపి కాపలా కాయవలసి వచ్చింది. ఇది గుండె ధైర్యం కావలసిన పని. ఒక్క పశువు జబ్బు కళ్ళు కప్పి దాటిపోతే చుట్టుపక్కల మందలన్నీ రక్షణ లేనివే కదా! ఊళ్ళలో, సంతల్లో, మందలు నడిచే దారుల్లో వెతికారు, రక్తం నమూనాలు తీశారు. మన దేశంలో 1995 తర్వాత ఈ వ్యాధి కనిపించలేదు.

ఆఫ్రికాలో యుద్ధాల వల్ల డాక్టర్లు పోలేని చోట్లు ఉండేవి. అక్కడ పశువుల కాపరులనే అడిగారు. ఈ జబ్బును మీరు ఏమంటారు, ఆఖరున ఎప్పుడు చూశారు, ఏ వయసు పశువులు చచ్చాయి అని. చదువురాని ఆ కాపరుల జవాబులే దారి చూపాయి. ఆఖరిసారి 2001లో కెన్యాలోని మేరు అడవిలో అడవి దున్నలలో కనిపించింది. ఆ తర్వాత కూడా పదేళ్ళు కాపలా కాసిగాని ప్రకటన చేయలేదు.

గాలికుంటు అంత సులువుగా లొంగేది కాదు. ముసర వ్యాధికి ఒక టీకాతో జన్మంతా రక్షణ ఉండేది. గాలికుంటు టీకా బలం కొన్ని నెలలే. పైగా మన దేశంలో దీని క్రిములు ఓ, ఎ, ఆసియా-1 అని మూడు రకాలు. ఏ రకం తిరుగుతోందో నమూనా ప్రయోగశాలకు చేరితేనే తెలుస్తుంది. ముద్ద చర్మ వ్యాధి సంగతి చూశాం. 2019లో ఒడిశాలో మొదట బయటపడి, 2022 నాటికి రాజస్థాన్, గుజరాత్‌లను అల్లాడించింది.

ఈ మధ్య ఒక ఊళ్ళో ఒక సభ్యుడి గేదెకు నోట్లో పుళ్ళు లేచాయి. కేంద్రంలో పాలు వద్దంటారేమోనని ఆయన చెప్పలేదు. మూడోనాడు దాన్ని సంతకు తోలాడు. నెల తిరక్కముందే రెండు ఊళ్ళ కొట్టాల్లో గేదెలు కుంటాయి. ఆయన్ని తిట్టడం మాకు ఇష్టం లేదు. నాలుగు రోజుల పాల డబ్బు పోతే ఇల్లు ఎలా గడుస్తుందో మాకూ తెలుసు. చెప్పినవాడికి ఆ నాలుగు రోజులు ఎలా ఆసరా ఇవ్వాలో పాలకవర్గాలు సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. లేకపోతే వచ్చే ఏడూ ఇదే జరుగుతుంది.

2009 నాటి చట్టం ప్రకారం అంటు జబ్బు అనుమానం కలిగితే యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలపాలి. పశువును విడిగా కట్టి, దాని పాలు కేంద్రానికి తేకుండా, పశువైద్యశాలకు కబురు పంపండి. 1962కు ఫోను చేసినా సరే. ఎప్పటినుంచి జ్వరం, ఎన్ని పశువులకు, ఈ నెలలో కొత్తగా కొన్న పశువు ఏదైనా ఉందా, చెవి పోగు మీది నెంబరు ఎంత అన్నవి చెప్పండి. కార్యదర్శులు ఈ వివరాలను తేదీ వేసి పుస్తకంలో రాసుకోవాలి.