నాగటి చాలు – యంత్రపు పట్టా

నేను ఇంజనీరింగ్ విద్యార్థిని కాను. భౌతికశాస్త్రం ముఖ్యాంశంగా బి.యస్సి. చివరి సంవత్సరం చదువుతున్న రైతుబిడ్డను. అయినా యంత్రాలలోని పట్టాలను గూర్చి రాయడానికి కారణం ఉంది. గత వేసవి సెలవుల్లో హైదరాబాదు బాలానగర్‌లో మా మేనమామ పనిచేసే ఒక చిన్న వర్క్‌షాపులో నెలరోజులు చేతికింద పనివాడిగా ఉన్నాను. అక్కడ చేసిన ఒక పొరపాటు, మూడేళ్ళ ప్రాక్టికల్స్‌లో నేర్చుకోని పాఠాన్ని నాకు నేర్పింది.

పట్టా అంటే ఏమిటి?

మిల్లింగు వంటి యంత్రాలలో పనివస్తువును మోసే బల్ల సరళరేఖలో కదలాలి. పూర్వం పోత ఇనుప బెడ్డు మీద బల్ల నేరుగా జారేది. బెడ్డు మీద రంగు పూసి, ఎత్తుగా ఉన్నచోట చేత్తో గీకి గీకి చదును చేసేవారు. మూడు పలకలను ఒకదానితో ఒకటి సరిచూస్తూ పోతే మూడూ నిజమైన సమతలాలవుతాయన్న పద్ధతిని జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో వివరించాడు.

నేడు చాలా యంత్రాలలో గట్టిపరచిన ఉక్కు పట్టాలు బిగిస్తున్నారు. వీటినే లీనియర్ గైడ్లు అంటారు. పట్టా మీద నడిచే బ్లాకులో చిన్న ఉక్కుగుండ్లు దొర్లుతూ, లోపలి దారిలో వెనక్కి తిరిగి మళ్ళీ మొదటికి చేరుకుంటాయి. జారడానికి బదులు దొర్లడం కనుక ఘర్షణ బాగా తక్కువ.

బిగించే పద్ధతి

ఇంత నునుపైన పట్టా కొన్నాక ఇక మరలు తిప్పడమే కదా అనుకున్నాను. అది తప్పు. పొడవైన సన్నని పట్టా వంగుతుంది. ఒక్కో బోల్టు వందల కిలోల బలంతో దాన్ని నొక్కుతుంది. కింద బెడ్డు ఎలా ఉంటే పట్టా అలాగే తయారవుతుంది. అందుచేత ఈ క్రమం పాటించాలి.

1. బెడ్డు మీద, రంధ్రాల అంచుల మీద లేచిన సన్నని ముళ్ళను ఆయిల్ స్టోన్‌తో రుద్ది, శుభ్రంగా తుడవాలి.

2. మొదటి పట్టాను బెడ్డు మీది గట్టువంటి అంచుకు ఆనించి, బోల్టులు వదులుగా పెట్టాలి.

3. అంచుకు గట్టిగా అదిమిపట్టి, నడిమి బోల్టు నుండి రెండు కొసలవైపు, రెండు మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. పోత ఇనుప బెడ్డుకు ఉక్కు బెడ్డు కన్నా తక్కువ బిగువు చాలు.

4. డయల్ గేజితో మొదటి పట్టాను పరీక్షించాలి. అది సరిగా ఉన్నాకనే, దానిని ఆధారం చేసుకొని రెండవ పట్టాను సమాంతరంగా అమర్చాలి.

ఇంకొకటి. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 0.011 మి.మీ. సాగుతుంది. కాబట్టి ఎండలో ఉన్న పట్టాను తెచ్చి వెంటనే బిగించరాదు.

మా నాన్న దుక్కి మొదలుపెట్టేటప్పుడు ఎదుటి గట్టు మీది చెట్టును గురిపెట్టుకొని తొలి చాలు తోలేవాడు. అది వంకరపోతే మిగతా చాళ్ళన్నీ ఆ వంకనే పట్టుకుపోతాయి. మొదటి పట్టా కూడా అంతే.

నా పొరపాటు

బెడ్డు రుద్ది తుడిచే పని నాది. ఒక బోల్టు రంధ్రం అంచును చూడకుండా వదిలేశాను. మీటరు పట్టాకు పదిహేడు బోల్టులూ బిగించాక, పక్కన గ్రానైటు బద్ద పెట్టి గేజి నడిపితే, ఆ ఒక్కచోట సూది 0.03 మి.మీ. ఎగిరింది. మనిషి వెంట్రుక మందంలో సగం కూడా లేదు! "ఇంతే కదండీ" అన్నాను. పెద్ద ఫిట్టరు గారు కోప్పడలేదు. "తమ్మీ, ఇయ్యాల సూది చెప్పింది. ఇననట్టుంటే రేపు జాబు చెప్తది. ఇప్పు" అన్నారు.

రాత్రి లెక్క వేసి చూసుకున్నాను. బల్ల కింద రెండు బ్లాకుల మధ్య దూరం 150 మి.మీ. ఒకటి 0.03 లేస్తే బల్ల వాలు 0.0002 రేడియన్లు. బల్లకు 300 మి.మీ. ఎత్తున కోత పడేచోట తేడా 0.06 మి.మీ.! అంటే తప్పు రెట్టింపయింది. కొలిచే రేఖకు దూరమైన కొద్దీ వాలు వల్ల వచ్చే దోషం పెరుగుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఆబె 1890లో చెప్పిన సూత్రం ఇదే.

మర్నాడు యంత్రం అప్పగించాలి. నా నిర్లక్ష్యానికి మామయ్య, ఫిట్టరు గారు ఆ రాత్రి పదకొండు దాకా ఇళ్ళకు పోలేదు. పదిహేడు బోల్టులూ విప్పి, ముల్లు రుద్ది, మళ్ళీ మొదటినుంచి బిగించాం. సూది కదలలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి సంవత్సరంలో లోలకంతో గురుత్వ త్వరణం కట్టినప్పుడు నాకు 9.4 వచ్చింది. 9.8 వచ్చేటట్లు రెండు రీడింగులు దిద్ది రికార్డులో రాశాను. మంచి మార్కులే వేశారు. తప్పు దారం పొడవులో ఉందో, స్టాప్‌వాచిలో ఉందో, ఊపులు లెక్కపెట్టిన నాలో ఉందో ఈనాటికీ నాకు తెలియదు. మనలో చాలామంది చేసేదే ఇది. కానీ సూది చెప్పినప్పుడు నేను వినలేదు.

ఈ సావనీరు మీ చేతికి వచ్చేలోగా, లెక్చరర్ గారి అనుమతితో ఆ ప్రయోగం మళ్ళీ చేయదలచాను. ఎంత వస్తే అంతే రాస్తాను.